అమ్మానాన్నల అమెరికా విజిటర్ వీసా ఆగిపోయిందా? మళ్లీ అప్లై చేసేముందు చేయాల్సిన పనులు

మా అమ్మకు మొదటిసారి వీసా రాని రోజు నాకిక్కడ డాలస్‌లో రాత్రి పదిన్నర. ఇంటర్వ్యూ ముగించుకుని బయటికొచ్చి, ఫోన్ చేతికి రాగానే చేసింది. "నాకు సరిగ్గా చెప్పడం రాలేదు నాన్నా, నావల్లే పోయింది" అంది. తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. ఫారం నింపింది నేను. ఏం చెప్పాలో నేర్పింది నేను. ఆమె చేత మోయించిన లావుపాటి ఫైలు కట్టింది నేను. నా పే స్లిప్పులు, నా బ్యాంకు స్టేట్‌మెంట్లు, నా ఇంటి కాగితాలు, నేను రాసిన ఆహ్వాన పత్రం అందులో ఉన్నాయి. ఆమెది అంటూ ఉన్నది ఒక్క పాస్‌పోర్టే. అద్దం అవతల ఉన్న ఆఫీసర్ ఆ ఫైలు అడగనే లేదు. "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే మన అమ్మలంతా చెప్పే జవాబే మా అమ్మా చెప్పింది: "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను."

ఏడాది తర్వాత మళ్లీ వెళ్లింది. ఈసారి వచ్చింది. ఆ ఏడాదిలో మేం సరిచేసుకున్నవీ, ఆ తర్వాత బంధువుల, స్నేహితుల అమ్మానాన్నలకు సాయం చేస్తూ నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా అమెరికా బీ1/బీ2 వీసా, అంటే విజిటర్ వీసా గురించి. నేను లాయర్ని కాదు. లాయరు దగ్గరికి వెళ్లక తప్పని చోట ఆ మాట చెబుతాను.

ముందు, ఏ సెక్షన్ కింద ఆగిందో చూడండి

వీసా ఇవ్వనప్పుడు చేతికో కాగితం ఇస్తారు. దాన్ని పారేయనివ్వకండి, ఫొటో తీసి పంపమనండి. తల్లిదండ్రుల విషయంలో చాలావరకు కనిపించేది 214(బి). అమెరికా వలస చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా అడిగేవాళ్లు అక్కడే స్థిరపడటానికి వస్తున్నారనే ఆఫీసర్ మొదట అనుకోవాలి. కాదని నమ్మించాల్సిన బాధ్యత అడిగినవాళ్లది. కాబట్టి ఇది మీ నాన్నగారి మీద వేసిన నింద కాదు. కిటికీ దగ్గర నిలబడిన ఆ రెండు మూడు నిమిషాల్లో నమ్మకం కుదరలేదని మాత్రమే అర్థం. దీనిమీద అప్పీలు లేదు. నిషేధమూ లేదు. ఎప్పుడైనా మళ్లీ అడగొచ్చు. ఈ సంగతి అమ్మానాన్నలకు విడమరిచి చెప్పండి. ముప్పై అయిదేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, ఏదో తప్పు చేసినట్టు తలొంచుకుని ఊరికి తిరిగెళ్లడం నేను చూశాను.

కాగితం మీద 221(జి) అని ఉంటే కేసు ఇంకా తెరిచే ఉంది. ఏదో పత్రం కావాలి, లేదా లోపల పరిశీలన మిగిలింది. ఆన్‌లైన్‌లో స్టేటస్ చూస్తే దీనికి కూడా "రిఫ్యూజ్డ్" అనే వస్తుంది. అది చూసి కంగారుపడి మళ్లీ ఫీజు కట్టేయకండి. అడిగిన పత్రాలు ఏడాదిలోపు ఇస్తే పాత దరఖాస్తు మీదే నిర్ణయం తీసుకుంటారు.

మూడోది 212 కింద వచ్చే నిరాకరణలు. అబద్ధం చెప్పారనో, దొంగ పత్రం చూపారనో తేలితే 212(ఎ)(6)(సి) కింద జీవితకాల నిషేధం పడుతుంది. గతంలో వెళ్లినప్పుడు గడువు దాటి చాలాకాలం ఉండిపోయినా 212 కిందే వేరే నిషేధాలున్నాయి. మినహాయింపు కోరే దారి ఉంది కానీ అది సొంతంగా నడిచే దారి కాదు. ఇక్కడ మాత్రం ఇమిగ్రేషన్ లాయర్ని కలవాల్సిందే.

ఇక్కణ్నుంచి చెప్పేదంతా 214(బి) గురించే.

ఆ రోజే, అడిగిన ప్రతి ప్రశ్నా రాసిపెట్టుకోండి

కాగితం మీద మీ కేసుకు ప్రత్యేకించిన కారణం ఉండదు, అందరికీ అదే అచ్చు. అసలు కారణం దొరికేది అడిగిన ప్రశ్నల్లోనే. అందుకే ఆ సాయంత్రమే అమ్మతో, నాన్నతో విడివిడిగా మాట్లాడి ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వచ్చింది, వీళ్లేమన్నారు, ఏ జవాబు దగ్గర ఆఫీసర్ టైపు చేయడం మొదలుపెట్టారు, ఏ ప్రశ్న రెండోసారి అడిగారు అన్నీ రాసుకోండి. వారం గడిస్తే "ఏదో అడిగాడు, చెప్పాం" దగ్గర ఆగిపోతుంది. మీరు కోపంగా అడిగితే అసలేమీ బయటికి రాదు. "ఏం తప్పు చెప్పావ్?" అనకుండా "ఏం అడిగారమ్మా?" అనండి.

తర్వాత ఆ జవాబుల్ని అప్పటి ఫారం పక్కన పెట్టి చూడండి. మా విషయంలో తేడా అప్పుడే కనబడింది. ఫారంలో నేను ఆరు నెలలని రాశాను. అమ్మ "మూడు నాలుగు నెలలు, వాళ్లు ఎన్నాళ్లుండమంటే అన్నాళ్లు" అని చెప్పింది. ఆమె మాటలో ఉన్నది పిల్లల మీద ప్రేమ. అవతలివైపు వినేవారికి మాత్రం, తిరిగొచ్చే తేదీ ఆమె చేతిలో లేదని వినిపిస్తుంది.

వెంటనే మళ్లీ వెళ్లాలా, ఆగాలా?

ఇన్నాళ్లు ఆగాలన్న నియమం లేదు. రేపే అప్లై చేయొచ్చు. అయినా నా మాట: ఏమీ మారకుండా వెళ్లకండి. రెండో ఆఫీసరు ముందు తెర మీద మొదటి ఫారం, మొదటి ఆఫీసర్ రాసిన నోట్ రెండూ ఉంటాయి. అదే ఫారం, అవే జవాబులు చూస్తే పాత నిర్ణయాన్ని మార్చడానికి వాళ్లకు కారణం దొరకదు. చివరిసారి తర్వాత పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పు వస్తే మళ్లీ రమ్మని అమెరికా విదేశాంగ శాఖ కూడా అంటుంది.

ఏది మార్పు? మీరు అప్పట్లో చదువుకుంటూ ఉండి ఇప్పుడు ఉద్యోగంలో కుదురుకుంటే అది మార్పు. నాన్నగారు రిటైరై పెన్షన్ మొదలైతే మార్పే. అప్పుడు "ఊరికే చూసిరావడానికి" అన్నది, ఇప్పుడు ఫలానా నెలలో మనవరాలి అన్నప్రాశన అయితే ప్రయాణానికి ఒక రూపం వచ్చినట్టు. ఇండియాలో ఉన్న చెల్లెలికి పెళ్లి కుదిరి ముహూర్తం పెట్టుకుంటే, తిరిగి రావడానికి అంతకంటే స్పష్టమైన కారణం ఏముంటుంది?

మొదటిసారి ఉన్న సంగతులే సరిగ్గా బయటికి రాలేదనుకుంటే మాత్రం ఏడాది ఆగక్కర్లేదు. నా దృష్టిలో కొన్ని నెలలు చాలు. కానీ ఆ తేడా కొత్త ఫారంలో కనబడాలి. "ఈసారి బాగా మాట్లాడతారు" అన్న ఆశ ఒక్కటే పట్టుకుని ఫీజు కట్టకండి.

వీసా అడుగుతున్నది మీరు కాదు

మనలో చాలామందికి అర్థం కాని సంగతి ఇది. నా జీతం లక్షన్నర డాలర్లు, నాకు ఇల్లుంది, మా వాళ్లను పోషించగలను అని మనం రుజువులు పోగేస్తాం. అవన్నీ నిజమే. కానీ ఆఫీసర్ తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరు: ఈవిడ తిరిగి వెళ్తుందా? మీ సంపద ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. అక్కడ అంత సౌకర్యం ఉంటే ఇక్కడికి ఎందుకు తిరిగిరావాలి అనిపిస్తుంది. విజిటర్ వీసాకు ఆహ్వాన పత్రం గానీ, ఐ-134 స్పాన్సర్ ఫారం గానీ అవసరం లేదని విదేశాంగ శాఖే చెబుతోంది. ఖర్చు మీరే పెట్టుకుంటున్నా ఫరవాలేదు, ఆ మాట ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. దరఖాస్తుకు కేంద్రం మాత్రం అమ్మానాన్నల జీవితం కావాలి.

అందుకని రెండోసారి ఫారం తెరిచేముందు మేం ఒక ఆదివారమంతా వీడియో కాల్‌లో కూర్చున్నాం. "అమ్మా, పొద్దున లేచిందగ్గర్నుంచి నువ్వు చేసే పనులు చెప్పు" అన్నాను. మా ఊరు తెనాలి దగ్గర. నాన్న పోయాక నాలుగెకరాలు అమ్మే కౌలుకిస్తోంది. సార్వా వరి, దాళ్వాకు మినుము. ఎవరికివ్వాలో, ఎన్ని బస్తాలకివ్వాలో బేరమాడేది ఆమే. ఊళ్లో రెండు వాటాల అద్దె వసూలు చేసేది ఆమే. నాన్న ఫ్యామిలీ పెన్షన్ ఆమె ఖాతాలో పడుతుంది. దానికి ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వీధి చివర ఉండే పెద్దమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లేదీ ఆమే. సంక్రాంతికి కౌలు ధాన్యం ఇంటికొచ్చే వేళకు ఆమె గడపలో ఉండాలి. ఇంత పని చేసే మనిషి "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. ఆమెకు అవి పనులుగా తోచవు. నేనూ ఫారంలో గృహిణి అని ఒక్క ముక్క రాసి వదిలేశాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి సంగతులు ఉంటాయి. దుకాణం, చిట్టీలు, ట్యూషన్, గుడి కమిటీ, ముసలి అత్తగారు, ఇంకా చదువుతున్న తమ్ముడు, కట్టుకుంటున్న ఇల్లు. లేనిది కల్పించకండి. ఉన్నదాన్ని చెప్పుకోవడం మనవాళ్లకు చేతకాదు, దానికి సాయం చేయండి.

కొత్త డీఎస్-160: పాతది దించేయకండి

ప్రతి దరఖాస్తుకూ కొత్త డీఎస్-160, అంటే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం, కావాలి. పాత ఫారం వివరాలను తెచ్చుకుని కొత్తది మొదలుపెట్టే వీలు సైట్‌లోనే ఉంది, కానీ దానివల్ల పాత తప్పులు కూడా వెంట వస్తాయి. ఒక్కో పేజీ చదువుతూ నింపండి.

పేర్ల దగ్గర మనకు చిక్కులెక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుందో అచ్చం అలాగే ఉండాలి. అమ్మ పదో తరగతి సర్టిఫికెట్టో, పాత పొలం కాగితాలో పుట్టింటి ఇంటిపేరుతో ఉంటే, "వేరే పేర్లు వాడారా" అన్న చోట అవును అని ఆ పేరు రాయండి. పుట్టినరోజు కూడా అంతే. అసలు పుట్టింది శ్రావణమాసంలోనని ఇంట్లో అందరికీ తెలిసినా, ఫారంలో రావాల్సింది పాస్‌పోర్టులోని తేదీయే.

ప్రయాణ వివరాల్లో ఎన్నాళ్లు ఉంటారన్నది ఆలోచించి వేయండి. అమెరికాలో దిగాక సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు కదా అని అలవాటుగా ఆరు నెలలు రాసేస్తాం. అది పై హద్దు. మీ అవసరం ఎంత? పురుడుకు వస్తే రెండున్నర నెలలో, మూడు నెలలో. గ్రాడ్యుయేషన్‌కైతే మూడు వారాలు చాలు. వెళ్లే కారణానికీ రోజుల లెక్కకూ పొత్తు కుదరాలి, ఆ లెక్క అమ్మానాన్నలకు కూడా నోటికి రావాలి.

"ఇంతకుముందు అమెరికా వీసా నిరాకరించారా?" అన్న ప్రశ్నకు అవును అనే పెట్టాలి. కింద వచ్చే పెట్టెలో సంవత్సరం, ఊరు, 214(బి) అని రాస్తే చాలు. సంజాయిషీలు, వాదనలు అక్కడ వద్దు. దాచాలని చూస్తే, అప్పటిదాకా మామూలు కేసుగా ఉన్నది అబద్ధం కేసు అవుతుంది.

వలస పిటిషన్ ఎవరైనా వేశారా అన్న ప్రశ్న మరొకటి. మీరో, మీ అన్నో పౌరసత్వం వచ్చాక అమ్మానాన్నల పేరిట ఐ-130 వేసి ఉంటే చెప్పి తీరాలి. ఎప్పుడో పదేళ్ల కిందట మేనమామ అమ్మకు తోబుట్టువుల కోటాలో వేసిన పిటిషన్‌ను ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు, అడిగి కనుక్కోండి. అది ఉన్నంత మాత్రాన విజిటర్ వీసా రాదని కాదు, కష్టం మాత్రం అవుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వివరాలు కూడా అలాగే. ఒక్కరినీ వదలకండి.

ఇక నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి. ఫారం నింపడానికి సాయం చేశారా అన్న ప్రశ్నకు మీరు నింపితే అవును అని మీ పేరు రాయాలి. చివర సంతకం చేసి పంపే బటన్ మాత్రం దరఖాస్తుదారే నొక్కాలి. నేను మొదటిసారి అర్ధరాత్రి నేనే నొక్కేశాను. అందుకే అమ్మకు తన ఫారంలో ఏముందో తెలియలేదు. రెండోసారి ఒక్కో ప్రశ్న తెలుగులో చదివి వినిపించి, జవాబు ఆమెనే చెప్పమని, చివరి బటన్ మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్‌లో ఆమె చేతే నొక్కించాం. రెండు గంటలు పట్టింది. ఇంటర్వ్యూకు అంతకంటే మంచి సాధన ఇంకోటి లేదు.

ఫొటో కొత్తది కావాలి: రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఆరు నెలల లోపుది, కళ్లద్దాలు లేకుండా.

ఫీజు, స్లాటు

పాత ఫీజు తిరిగి రాదు, మళ్లీ కట్టాలి. 2023 జూన్ 17 నుంచి అది మనిషికి 185 డాలర్లు. 2025 జులైలో సంతకమైన చట్టంలో వీసా మంజూరైనవాళ్ల మీద మరో 250 డాలర్ల రుసుము కూడా ఉంది కాబట్టి, కట్టే రోజున అధికారిక సైట్‌లో ఏం రాసి ఉందో చూసుకోండి. కట్టిన ఫీజు మీద ఏడాదిలోపు ఇంటర్వ్యూ స్లాట్ బుక్ చేసుకోవాలి.

తేదీ మార్పు విషయంలో జాగ్రత్త. 2025 జనవరి 1 నుంచి ఇండియాలో ఉచితంగా ఒక్కసారే తేదీ మార్చుకోనిస్తున్నారు. రెండోసారి మార్చాలన్నా, ఆ రోజు వెళ్లకపోయినా మళ్లీ ఫీజే. ఇంటర్వ్యూ లేకుండా పత్రాలిచ్చి వచ్చే డ్రాప్‌బాక్స్ ఆశ కూడా పెట్టుకోకండి. వీసా ఆగినవాళ్లు ఇంటర్వ్యూకు వెళ్లాల్సిందే. 79 దాటిన పెద్దవాళ్లకు అంతకుముందున్న మినహాయింపు కూడా 2025 సెప్టెంబరు 2 నుంచి సాధారణంగా లేదు.

హైదరాబాద్‌లో రాకపోతే చెన్నైలో వస్తుందని చాలామంది చెబుతారు. దేశంలో ఎక్కడైనా స్లాట్ తీసుకోవచ్చు కానీ అన్నిచోట్లా కనిపించే రికార్డు ఒకటే. పెద్దవాళ్లను రైలెక్కించి తెలియని ఊరికి పంపడం కంటే, తెలుగులో ఇంటర్వ్యూ దొరికే హైదరాబాదే మేలని నా అభిప్రాయం. బ్యాంకాకో, దుబాయో వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చే పద్ధతి ఇప్పుడు పనికిరాదు. పౌరసత్వం ఉన్న దేశంలోనో, నివసించే దేశంలోనో అప్లై చేయాలని 2025 సెప్టెంబరులో నియమం తెచ్చారు.

హైదరాబాద్‌లో బయోమెట్రిక్ ఒక చోట, ఇంటర్వ్యూ మరో చోట. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి కాన్సులేట్ 2023 మార్చిలోనే మారిపోయింది. పాత జ్ఞాపకంతో అటు వెళ్లకుండా అపాయింట్‌మెంట్ కాగితం మీది చిరునామా డ్రైవరుకు చూపించమనండి. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. బయట కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరుంటే పెద్దవాళ్లకు ధైర్యం.

ఏ కాగితాలు పెట్టాలి?

ఒక పల్చటి ఫైలు చాలు. పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టులు, డీఎస్-160 కన్ఫర్మేషన్, అపాయింట్‌మెంట్ పత్రం ముందు. ఆ వెనక అమ్మానాన్నలవి: పెన్షన్ పేమెంట్ ఆర్డర్ లేదా ఉద్యోగం చేస్తుంటే సెలవు మంజూరు పత్రం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఐటీ రిటర్న్ ఉంటే అది. మీవి చివర మూడు నాలుగు కాగితాలు: మీ వీసా లేదా గ్రీన్‌కార్డు నకలు, ఉద్యోగ ధ్రువపత్రం, శుభకార్యం ఉంటే దాని కార్డు.

ఆఫీసర్ వీటిని అడగకపోవచ్చు, చాలాసార్లు అడగరు. అడగకుండా కిటికీలోకి తోయొద్దని చెప్పండి. ఇంటర్వ్యూకు వారం ముందు ఖాతాలో పది లక్షలు వేసి చూపించే పని మాత్రం చేయకండి. ఎక్కణ్నుంచి వచ్చాయని అడిగితే అమ్మ దగ్గర చెప్పడానికి ఏముంటుంది?

కిటికీ ముందు మాట్లాడటం

బట్టీ పట్టించకండి. అప్పగించినట్టు చెప్పిన జవాబు ఇట్టే తెలిసిపోతుంది. అదీకాక ప్రశ్న కాస్త అటూ ఇటూ అయితే పెద్దవాళ్లు తడబడతారు. మేం వారం రోజులు, రోజుకు పది నిమిషాలు మామూలుగా మాట్లాడుకున్నాం. నేను అడుగుతాను, ఆమె తన మాటల్లో చెబుతుంది.

"ఎందుకు వెళ్తున్నారు?" అంటే మొదట్లో అమ్మ నా పెళ్లి దగ్గర్నుంచి మొదలుపెట్టేది. చివరికి ఇలా వచ్చింది: "మా మనవడికి అక్షరాభ్యాసం. సెప్టెంబరు చివర్లో వెళ్లి డిసెంబరు మొదట్లో వచ్చేస్తాను." ఒక ప్రశ్నకు కారణం, కాలం, తిరుగు ప్రయాణం మూడూ అందులోనే వచ్చేశాయి.

"మీరేం చేస్తారు?" "ఇంటి వ్యవసాయం నేనే చూసుకుంటానండి. నాలుగెకరాలు కౌలుకిచ్చాను. రెండు వాటాల అద్దె వస్తుంది, పెన్షన్ ఉంది." ఇందులో కొత్తగా చేర్చింది ఏమీ లేదు. అన్నీ ఆమె బతుకులోవే.

"పోయినసారి ఎందుకు రాలేదు?" అని అడిగితే చాలామంది బిక్కచచ్చిపోతారు. "నేను సరిగ్గా చెప్పలేకపోయానండి" అనడం తప్పేమీ కాదు, నిజమైతే. ఆ వెంటనే ఇప్పుడు మారిన సంగతి చెప్పాలి. పోయిన ఆఫీసర్ మీద ఫిర్యాదు వద్దు.

పురుడుకు వెళ్లేవాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కూతురు బాలింతగా ఉన్నప్పుడు తల్లి పక్కనుండటం మనకు పుట్టింటి ధర్మం. దాన్ని దాచి "టూరిస్టు ప్రదేశాలు చూడటానికి" అని చెప్పిస్తారు కొందరు. ఫారంలో కూతురి అడ్రసు ఉంటుంది, నెలలు లెక్కవేస్తే తెలుస్తుంది, ఒక్క ఎదురు ప్రశ్నకు అంతా బయటపడుతుంది. నిజమే చెప్పండి: "అమ్మాయికి పురుడు, తోడుగా ఉండి మనవణ్ని చూసుకుని మూడు నెలల్లో వస్తాను." అయితే "వాళ్లిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పిల్లాణ్ని చూసే దిక్కు లేదు, అందుకే వెళ్తున్నా" అన్నది వేరే మాట. అలా చెబితే ఆయా పనికి వెళ్తున్నట్టు, పిల్లాడు పెద్దయ్యేదాకా రానట్టు వినిపిస్తుంది. మీ మనసులోనూ అదే ఉంటే దిద్దుకోవాల్సింది జవాబును కాదు, ప్రయాణాన్నే. ఆరేసి నెలలు విడతలవారీగా అమ్మానాన్నలను, అత్తమామలను మార్చిమార్చి పిలిపించుకునే ఇళ్లున్నాయి. తర్వాతి దరఖాస్తుల్లో ఆ రాకపోకల లెక్కంతా కనిపిస్తుంది.

భాష గురించి కూడా ఒక మాట. ఇంగ్లిష్ కొంచెం వచ్చిన నాన్నలు ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని పట్టుబడతారు. ప్రశ్న సగం అర్థమై "యెస్, యెస్" అనేస్తారు. తెలుగు అడగడంలో చిన్నతనం లేదని మీరే చెప్పండి. భార్యను అడిగిన ప్రశ్నకు భర్త జవాబు చెప్పే అలవాటు కూడా ఆ రెండు నిమిషాలు మానుకోమనండి.

ఒక్కరే ఉన్న అమ్మ, ఒక్కరే ఉన్న నాన్న

అందరికంటే కష్టమైన కేసు ఇది. భాగస్వామి పోయారు, పిల్లలందరూ అమెరికాలో. కాగితం మీద చూస్తే ఆమెకు ఇండియాలో ఎవరూ లేనట్టే. ఇక్కడ నేను తేలికైన మాట చెప్పలేను. కానీ ఆమె నిజంగా ఉంటున్న చోటు ఏదో, ఎవరి మధ్య ఉంటోందో చెప్పొచ్చు. ఇల్లు, పెన్షన్, అక్కచెల్లెళ్లు, క్రమం తప్పకుండా చూపించుకునే డాక్టరు, తిరిగొచ్చి చేయాల్సిన భర్త సంవత్సరీకం. మొదటిసారికి తక్కువ రోజులే అడగండి, ఆరు వారాలో ఎనిమిది వారాలో. చెప్పిన తేదీకి తిరిగొచ్చిన ఒక్క ప్రయాణం, తర్వాతి దరఖాస్తుకు ఏ కాగితమూ ఇవ్వలేనంత బలం ఇస్తుంది. వీసా ముద్ర కోసమే సింగపూర్ టూర్లు తిప్పమని సలహాలిస్తారు. అమ్మకు చూడాలనుంటే తీసుకెళ్లండి, అమెరికా వీసా కోసం మాత్రం ఆ ఖర్చు పెట్టకండి.

గ్యారంటీ ఇచ్చేవాళ్లు

రిజెక్టయ్యాక ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది ఈ ఏజెంట్లే. "మా మనిషి ఉన్నాడు", "స్లాట్ రెండు రోజుల్లో", "బ్యాంకు బ్యాలెన్స్ మేం చూపిస్తాం". స్లాట్ల దందా సంగతికొస్తే, బాట్లతో (వాటంతటవే బుక్ చేసే ప్రోగ్రాములతో) బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను 2025 మార్చిలో అమెరికా ఎంబసీ రద్దు చేసింది. దొంగ పత్రాల విషయం ముందే చెప్పాను: ఏజెంటు చేశాడంటే చెల్లదు, నిషేధం పడేది మీ నాన్నగారి పేరు మీద. ఫారం నింపడానికి సాయం కావాలంటే డబ్బిచ్చి తీసుకోండి, తప్పు లేదు. లాగిన్ వివరాలు, రికవరీ మెయిల్ మీ దగ్గర ఉంచుకోండి. సెనేటర్ ఆఫీసు నుంచి ఉత్తరం తెప్పించినా 214(బి) నిర్ణయం తిరగబడదు, ఆ నిర్ణయం కాన్సులర్ ఆఫీసరుదే.

వస్తే, మళ్లీ రాకపోతే

వీసా చేతికొచ్చే వరకు టికెట్లు కొనకండి. వచ్చాక పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు సరిచూసుకోండి. మనవాళ్లకు సాధారణంగా పదేళ్ల వీసా ఇస్తారు. పదేళ్లూ ఉండొచ్చని కాదు. ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది దిగినప్పుడు ఇచ్చే ఐ-94లోని తేదీ. ఇల్లు చేరిన రాత్రే దాన్ని ఆన్‌లైన్‌లో తీసి, ఆ తేదీ ఫ్రిజ్ మీద అంటించండి. ఇంటర్వ్యూలో మూడు నెలలని చెప్పి వచ్చి, గట్టి కారణం లేకుండా ఐ-539 వేసి పొడిగించుకోకండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ బయల్దేరే రోజు నుంచే ఉండాలి. బీపీ, షుగరు మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలో పెట్టించండి.

మళ్లీ రాకపోతే, మొదటిరోజు చేసిన పనే మళ్లీ చేయండి: ప్రశ్నలు రాసుకోవడం. కానీ మూడోసారికి తొందరపడొద్దు. వాళ్ల జీవితంలోనో, మీ జీవితంలోనో నిజంగా ఏదైనా మారేదాకా ఆగండి. పౌరసత్వం ఉంది కదా, గ్రీన్‌కార్డుకే వేసేస్తే పోలా అని అప్పుడు చాలామందికి తోస్తుంది. అది అమెరికాలో కాపురముండాలనుకునే వాళ్లకు. ఊళ్లోనే ఉండాలనుకునే తల్లిదండ్రులను, కేవలం చూడటం కోసం ఆ దారి పట్టిస్తే ఎక్కువకాలం ఊళ్లో ఉండిపోయిన ప్రతిసారీ ఆ కార్డు చిక్కుల్లో పడుతుంది.

ఈలోపు మీరు తిరిగి అమెరికాలోకి రావడానికి ఇబ్బంది లేకపోతే, మూడో ఫీజుకు దాచిన డబ్బుతో పిల్లల్ని తీసుకుని మీరే వెళ్లండి. మా అమ్మకు మొదటిసారి రాని ఆ ఏడాది మేం అదే చేశాం. అక్టోబరులో మూడు వారాలు ఉన్నాం. నాలుగెకరాల గట్ల మీద అమ్మ వెంట తిరిగింది, కౌలు రైతుతో ఆమె బేరమాడటం పక్కన కూర్చుని విన్నది అప్పుడే.